తొమ్మిది ఎకరాల ఎర్రనేల, ఒకే బోరు: వేరుశనగ మానేసి ఏమి వేయాలి?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. ధర్మవరం దగ్గర నాన్నగారి పేరున తొమ్మిది ఎకరాల ఎర్రనేల ఉంది. ఒక బోరు ఉంది, "రెండు అంగుళాల నీళ్లు" అంటున్నారు. కొన్నేళ్లుగా వేరుశనగలో పెట్టుబడి కూడా తిరిగి రావడం లేదు. అమలాపురం వైపు బంధువులు ఏడాది పొడవునా ఏదో ఒక పంట తీస్తుంటే మన దగ్గర ఎందుకు కుదరదు అన్నది మీ అనుమానం. ఒకరు చీనీ (బత్తాయి) తోట పెట్టమంటున్నారు, ఇంకొకరు డ్రాగన్ ఫ్రూట్ అంటున్నారు. ఏది వేస్తే నిలకడగా ఉంటుంది, ఉద్యోగం మానేసి రావచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. తొమ్మిది ఎకరాలకూ కలిపి వేయదగ్గ ఒక్క పంట మీ ప్రాంతంలో లేదు. బోరు మే నెలలో ఎంత నీరు ఇస్తుందో కొలిచి, అది సాకగలిగినంత మేరకే తోట పెట్టండి. మీరు చెప్పిన దాన్నిబట్టి అది ఎకరం, మహా అయితే ఎకరంన్నర. మిగతా భూమిని వర్షాధారంగానే ఉంచి కలగలుపు పంటలు వేయండి. అందులో వేరుశనగ కూడా ఉంటుంది, కానీ సగానికి మించి ఉండకూడదు. ఒక ఎకరం పశువుల మేతకు వదలండి. ఉద్యోగం ఇప్పుడే మానేయకండి.

వ్యవసాయ శాఖలో నా ఉద్యోగ జీవితం చాలావరకు అనంతపురం మెట్ట మండలాల్లో గడిచింది, మధ్యలో కొంతకాలం కోనసీమలో పనిచేశాను. అందుకే మీ బంధువుల మాట దగ్గర మొదలుపెడతాను.

గోదావరి జిల్లాల్లో ఏడాదికి సగటున 1,100, 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అది చాలదన్నట్టు ధవళేశ్వరం ఆనకట్ట కాలువలున్నాయి, లోతైన ఒండ్రు నేల ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసిపోతాయి. ఈశాన్య రుతుపవనాల తుపానులు తూర్పు తీరం నుంచి ఇక్కడికి వచ్చేసరికి నీరసిస్తాయి. రెండు రుతుపవనాలకూ మనం చివరి పంక్తిలో కూర్చున్నవాళ్లం.

ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. 550 మిల్లీమీటర్లంటే ఎకరాకు 22 లక్షల లీటర్లు. వరికి ఒక పంటకాలంలో 1,200 మిల్లీమీటర్ల దాకా, అంటే 48 లక్షల లీటర్లు కావాలి. ఏడాది వానంతా ఒక్క చుక్క పోకుండా పట్టినా సగం ఎకరం వరి కూడా పండదు. మన ఎర్రనేలలో ఆ వాన అంతా నిలవదు కూడా. పై పొర గట్టిపడి ఉంటుంది, జోరువానలో నీళ్లు వాలు వెంట మట్టిని కూడా తీసుకుని పోతాయి. కోనసీమ రైతు మీకన్నా తెలివైనవాడూ కాదు, మీ నాన్నగారు వెనుకబడ్డవారూ కాదు. చేతిలో ఉన్న నీళ్లు వేరు.

ఇంకొక మాట. "అనంతపురం" అని ఒక్క పేరుతో పిలిచినా లోపల పది రకాల వ్యవసాయం ఉంది. ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి నేలల్లో అక్టోబరు, నవంబరులో శనగ వేసి, నేలలోని తేమతోనే పంట తీస్తారు. మడకశిర, హిందూపురం వైపు రాగి, మల్బరీ, చింత. పుట్లూరు, నార్పల వైపు అరటి తోటలు, అక్కడి కాయ తాడిపత్రి నుంచి రైలెక్కి ముంబై ఓడరేవు దాకా వెళ్లింది. కృష్ణా నీటిని ఇటు తెచ్చే హంద్రీ-నీవా కాలువతో నిండే చెరువుల కింద బోర్ల సంగతి వేరు, వానను మాత్రమే నమ్ముకున్న బోర్ల సంగతి వేరు. కాబట్టి "అనంతపురంలో ఫలానా రైతు ఎకరాకు ఇన్ని లక్షలు" అనే వీడియో చూసినప్పుడు ముందు అడగవలసింది ఏ మండలం, ఏ నేల, నీళ్లు ఎక్కడివి అని. ఇక్కడ చెప్పేదంతా మీది ఎర్రనేల అనుకుని చెబుతున్నాను. పొలంలో ఒక మూల నల్లమట్టి ఉంటే ఆ మూలకు ఈ సలహా వర్తించదు.

ముందు రెండు కొలతలు తీసుకోండి.

ఒకటి, నేల లోతు. పొలంలో మూడు నాలుగు చోట్ల, ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఉండేలా గుంతలు తీయించండి. ఎన్ని అడుగులకు గరుసు, అంటే కంకర పొర, తగిలిందో చూడండి. అడుగున్నరకే గరుసు వస్తే అక్కడ చెట్టు జోలికి వెళ్లకండి. ఉలవ, కొర్ర, మేత గడ్డి సరిపోతాయి. మూడడుగులు దాటి మట్టి ఉన్న చోటే తోటకు స్థలం. చాలామంది దారి పక్కన ఉందని, బోరు దగ్గర ఉందని తోట స్థలం ఎంచుకుంటారు. మట్టి ఎక్కడ లోతుగా ఉంటే అక్కడికి పైపు తీసుకెళ్లడం చౌక. గుంత తీసినప్పుడే మట్టి నమూనా కూడా పరీక్షకు ఇవ్వండి.

రెండు, బోరు. "రెండు అంగుళాలు" అన్న మాటను పక్కన పెట్టండి. అది సంక్రాంతికి ఒకలా, ఉగాది దాటాక ఇంకొకలా ఉంటుంది. మే నెలలో 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, ఎన్ని నిమిషాలకు నిండిందో చూడండి. మూడు నిమిషాలు పట్టిందనుకుందాం. అంటే గంటకు 4,000 లీటర్లు. కరెంటు తొమ్మిది గంటలు ఉన్నా ఎండాకాలంలో అలాంటి బోరు ఐదు గంటలకే నీళ్లు తగ్గి గాలి పీలుస్తుంది. కాబట్టి రోజుకు 20,000 లీటర్లు. కాపుకొచ్చిన చీనీ చెట్టుకు నడి వేసవిలో డ్రిప్పు మీద రోజుకు 100 నుంచి 120 లీటర్లు కావాలి. ఆరు మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు సుమారు 110 చెట్లు. అంటే ఎకరాకు 11,000 నుంచి 13,000 లీటర్లు. లెక్క ప్రకారం ఎకరంన్నరకు సరిపోతుంది. నేనైతే ఎకరమే పెట్టిస్తాను. చీనీ కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, ఆ లోపు పక్క పొలంలో ఇంకొక బోరు పడదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నాకు తెలిసిన ఒక రైతు ఇలాంటి బోరు కిందే నాలుగెకరాల చీనీ పెట్టాడు. మొదటి మూడేళ్లు మొక్కలు చిన్నవి కాబట్టి నీళ్లు పుష్కలంగా ఉన్నట్టే కనిపించింది. కాపు మొదలయ్యాక వరసగా రెండేళ్లు కరువు. ట్యాంకర్లతో నీళ్లు తోలించాడు, అప్పు చేసి ఇంకో రెండు బోర్లు వేయించాడు, రెండూ పడలేదు. చివరికి రెండెకరాల చెట్లు కొట్టించి కట్టెలకు అమ్మి, మిగిలిన రెండెకరాలను కాపాడుకున్నాడు. మొదటే రెండెకరాలు పెట్టి ఉంటే అప్పు ఉండేది కాదు. ఈ జిల్లాలో చీనీ చరిత్ర చాలావరకు ఇదే కథ, ఊరి పేర్లే తేడా. కొత్త బోరు వేయాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి తీసుకోవాలన్న సంగతి కూడా మరవకండి.

చీనీ పెడితే రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లే తీసుకోండి. జంబేరి అనే మరో నిమ్మ రకం మీద కట్టినవి మొదట్లో ఏపుగా పెరిగి మురిపిస్తాయి, తర్వాత ఎండు వేరుకుళ్లుకు ఎక్కువగా గురవుతాయి. నర్సరీవాడు అడిగితే తప్ప చెప్పడు, అడిగినా ఒక్కోసారి నిజం చెప్పడు. కాబట్టి గుర్తింపు ఉన్న చోటే కొనండి.

డ్రాగన్ ఫ్రూట్ సంగతి నాలుగు మాటల్లో. నీళ్లు తక్కువే తీసుకుంటుంది, నిజమే. కానీ స్తంభాలకు, మొక్కలకు మొదట్లోనే ఎకరాకు లక్షల్లో ఖర్చవుతుంది, పండు ఎక్కువ కాలం నిలవదు. పండు కన్నా మొక్కలు అమ్మి సంపాదించినవాళ్లను ఎక్కువగా చూశాను. కావాలంటే పది స్తంభాలు వేసి చూడండి.

ఇక వేరుశనగ. దాన్ని తిట్టడం ఇప్పుడు రివాజైంది. ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేసేవారంటే ఊరికే వేయలేదు. కాయ కల్లంలోనే అమ్ముడుపోయేది, కట్టె పశువులకు మంచి మేత, బ్యాంకులో పంట రుణం సులువుగా దొరికేది. కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక వేసిన చేలన్నీ నెమ్మదిగా దానికింద పోయాయి. తప్పు వేరుశనగది కాదు, చేనంతా అదే వేయడం అసలు తప్పు. 2000 సంవత్సరంలో కాండంకుళ్లు వైరస్ తెగులు వచ్చినప్పుడు అది తేలింది. వయ్యారిభామ కలుపు మొక్కలో దాక్కున్న వైరస్‌ను దాని పుప్పొడి, తామర పురుగులు చేలలోకి చేర్చాయి. అడ్డుపడే పంట ఏదీ లేకపోవడంతో కొద్ది వారాల్లో రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. చేను చుట్టూ నాలుగు సాళ్ల జొన్న గానీ సజ్జ గానీ ఒత్తుగా వేయమని అప్పటి నుంచి చెబుతున్నాం. గట్ల మీద వయ్యారిభామను పూతకు ముందే పీకించడం కూడా అందుకే.

రెండో సంగతి వాన లెక్క. మన దగ్గర ఎక్కువ వాన పడేది జూన్, జూలైలో కాదు, సెప్టెంబరులో. జూలైలో విత్తిన వేరుశనగకు ఆగస్టులో ఊడలు, అంటే పూత నుంచి నేలలోకి దిగి కాయగా మారే కాడలు, దిగుతాయి. సరిగ్గా అప్పుడే రెండు మూడు వారాలు వాన లేని బెట్ట రావడం ఇక్కడ మామూలు. ఊడ గట్టి నేలలోకి దిగలేక ఎండిపోతుంది. సెప్టెంబరులో వాన కురిసి చేను పచ్చబడినా కాయ ఉండదు. దూరం నుంచి చూసినవాళ్లు పంట బాగుందనుకుంటారు. పీకి చూసిన రైతుకే తెలుస్తుంది.

మన పెద్దలు దీనికి కంది సాలుతో సమాధానం చెప్పారు. ఏడు సాళ్లకో పదకొండు సాళ్లకో ఒక కంది సాలు వేసేవారు. కంది ఆగస్టు బెట్టను ఓర్చుకుని, సెప్టెంబరు, అక్టోబరు వానలను వాడుకుని, వేరుశనగ తీసేశాక చేనంతా తనదే అన్నట్టు గుబురెక్కుతుంది. వేరుశనగ పోయిన ఏడాది కంది ఇంటి ఖర్చు గట్టెక్కించిన ఇళ్లు చాలా చూశాను. ట్రాక్టరు గొర్రు వచ్చాక, కలుపు మందులు వచ్చాక "అడ్డం" అని కంది సాలు తీసేశారు. మీరు తిరిగి పెట్టండి.

తోటకు, మేతకు చెరో ఎకరం పోగా మిగిలిన మీ ఏడెకరాల మెట్టకు నేను ఒక ఏడాదికి ఇలా వేస్తాను. మీ గుంతల లెక్క చూశాక మార్చుకోవచ్చు.

మూడెకరాలు వేరుశనగ, ఏడు సాళ్లకు ఒక సాలు కందితో. కదిరి పరిశోధన స్థానం రకాల్లో కదిరి-6 ఎక్కువమంది వేసేది. కదిరి లేపాక్షి పేరు ఈమధ్య బాగా వినిపిస్తోంది. ఏ రకమైనా విత్తనం చేతులు మారి వచ్చింది కాకుండా చూసుకోండి. ఎంత మంచి రకమైనా వానకు బదులు కాదు. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోయిస్తే తాలు కాయలు తగ్గుతాయి, కానీ నేలలో పదును ఉన్నప్పుడు వేయాలి. ఎండు నేలలో చల్లితే డబ్బు చల్లినట్టే.

రెండెకరాలు కొర్ర. సూర్యనంది లాంటి రకాలు ఎనభై రోజుల లోపే చేతికొస్తాయి. ఇక్కడ ఒక చిక్కుంది. ఊరంతటికీ మీరొక్కరే కొర్ర వేస్తే ఊరి పిట్టలన్నీ మీ చేనుకే వస్తాయి. పక్కన ఇద్దరు ముగ్గురితో మాట్లాడి ఒకేసారి, ఒకే వైపు వేయండి. అమ్మకం కూడా ముందే చూసుకోవాలి. 2023లో చిరుధాన్యాల సంవత్సరమని ఊరూరా సభలు జరిగాయి గానీ, కల్లంలో కొర్రలు కొనేవాడు ఎప్పటిలాగే తక్కువకు అడిగాడు. ధర కొర్ర బియ్యానికి ఉంది, పొట్టుతో ఉన్న కొర్రలకు లేదు. చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ చొరవతో ఏర్పడిన ధరణి సహకార సంఘం రైతుల నుంచి చిరుధాన్యాలు తీసుకుని శుద్ధి చేసి అమ్ముతోంది. అలాంటి సంఘం అందుబాటులో ఉంటే ముందు అక్కడ చేరి, తర్వాత విత్తండి.

రెండెకరాలు ఖాళీగా ఉంచి వాన కోసం చూడండి. ఇది వినడానికి వింతగా ఉంటుంది. జూలైలో అదును దొరికితే ఆముదమో కందో వేయండి. ఆశ్లేష కార్తె దాటినా పదును కాకపోతే వేరుశనగ విత్తనం మీద చేయి వేయకండి, మఖ, పుబ్బలలో ఉలవ చల్లండి. ఉలవకు ఖర్చు తక్కువ. గింజ వస్తే గింజ, రాకపోతే మేత. ఆగస్టు రెండో వారం దాటాక "సబ్సిడీ విత్తనం ఇంట్లో ఉంది కదా" అని వేరుశనగ విత్తి నష్టపోయినవాళ్లే ఎక్కువ.

విత్తడానికి ముందు, ఏప్రిల్, మే నెలల్లో పొడి దుక్కిలోనే నవధాన్యాలు చల్లే పద్ధతి ప్రకృతి వ్యవసాయంలో ప్రచారంలో ఉంది. గింజలకు బంకమట్టి, ఘనజీవామృతం (ఆవుపేడతో చేసే ఎరువు) పట్టించి చల్లుతారు, ఏ చిన్న వాన పడినా మొలుస్తాయి. దీనిమీద నా అభిప్రాయం అడిగితే, మేతకూ నేల మీద కప్పు ఉండడానికీ బాగా పనికొస్తుంది, తొలకరి జోరువానకు మట్టి కొట్టుకుపోదు. దాంతోనే ఆదాయం రెట్టింపవుతుందని చెబితే నమ్మకండి. వేసవిలో ఊరి గొర్రెలు, పశువులు చేలలో తిరిగే చోట కంచె లేకుండా చల్లితే మొలకలు వాటి పాలే. ముందు గొర్రెలకాపరులతో మాట్లాడుకోవాలి. వాళ్లతో తగాదా పెట్టుకోవడం కన్నా, వేసవిలో చేనులో మంద పెట్టించుకోవడం లాభం. రాత్రంతా రెండు మూడు వందల గొర్రెలు పడుకున్న చోట వచ్చే పంట తేడా గట్టు మీద నిలబడి చూస్తేనే కనిపిస్తుంది. చెరువులో పూడిక తీస్తున్నప్పుడు చెరువు మట్టి దొరికితే అదీ తోలించండి. ఎర్రనేలకు తేమ పట్టే గుణం దానివల్ల వస్తుంది, ఫలితం చాలా ఏళ్లు ఉంటుంది.

నీటి కుంట గురించి మీరు అడగలేదు గానీ, తోట కన్నా ముందు ఖర్చు పెట్టవలసింది దానిమీదే. పొలం దిగువ మూలలో పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతున తీయిస్తే, గోడలు వాలుగా ఉంటాయి కాబట్టి సుమారు లక్షన్నర లీటర్లు పడతాయి. ఎర్రనేలలో నీళ్లు ఇంకిపోతాయి, అందుకే ఆరు పాళ్ల మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి లోపల పూయించాలి. ఆగస్టు బెట్టలో ఎకరాకు 20 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 80,000 లీటర్లు చాలు. ఆవిరైపోయింది తీసేసినా ఒక ఎకరంన్నర వేరుశనగకు ఒక ప్రాణతడి వస్తుంది. ఊడలు దిగే రోజుల్లో ఇచ్చిన ఆ ఒక్క తడికి ఉన్న విలువ తర్వాత ఇచ్చే మూడు తడులకు ఉండదు. విత్తేటప్పుడు వాలుకు అడ్డంగా సాళ్లు పోయించి, కొన్ని సాళ్లకొక లోతైన బోదె తీయించడం ఖర్చు లేని పని. ట్రాక్టరు డ్రైవరు మాత్రం పొడవు వైపే దున్నుతానంటాడు, తిప్పుకోవడం సులువు కాబట్టి. ఆ రోజు దగ్గరుండండి.

గట్ల మీద సీతాఫలం, చింత, ఉసిరి పెట్టుకోవచ్చు. మొదటి రెండు మూడు వేసవులు కుండనీళ్లు పోస్తే తర్వాత వాటి బతుకు అవే చూసుకుంటాయి. పొలం గుట్టల దగ్గరైతే అడవి పందుల బెడద ఉంటుంది. వేరుశనగను ఊరికి దగ్గరి వైపు, ఉలవ, ఆముదం గుట్ట వైపు వేయండి.

కాగితాల పని కూడా పంటలో భాగమే. వేసిన ప్రతి పంటనూ ప్రభుత్వ పంటల జాబితా ఈ-క్రాప్‌లో నమోదు చేయించండి. వేరుశనగ అని రాసి కొర్ర వేస్తే బీమా దగ్గరా కొనుగోలు దగ్గరా ఇబ్బంది పడతారు. అంతర పంటగా వేసిన కందిని కూడా రాయించండి, చాలామంది వదిలేస్తారు. విత్తన రకాల గురించి, తెగుళ్ల గురించి రెడ్డిపల్లి, కళ్యాణదుర్గం కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగవచ్చు. ఎండిన మొక్కను వేళ్లతో సహా పీకి తీసుకెళ్లండి, ఫోనులో ఫోటో చూపిస్తే సగమే తెలుస్తుంది.

ఉద్యోగం విషయం. ఈ పద్ధతిలో మొదటి మూడేళ్లు మీకు జీతమంత ఆదాయం రాదు. తోట కాపుకు రాదు, కుంటకు, కంచెకు, డ్రిప్పుకు డబ్బు పోతూ ఉంటుంది. ఆ ఖర్చుకు అప్పు కన్నా జీతం మేలు. ఏప్రిల్, మే నెలల్లో కొలతలకు, జూలైలో విత్తనానికి, ఆగస్టు బెట్టకు, కోతలకు సెలవు పెట్టుకుని ఉండగలిగితే మిగతా రోజులు నాన్నగారు చూసుకోగలరు. ఆయన ఓపిక లేదంటే కొంత భూమి కౌలుకివ్వండి. కౌలుదారుకు సాగుదారు హక్కు పత్రం ఇప్పించండి, లేకపోతే నష్టం అతనిది, పరిహారం మీది అవుతుంది, మరుసటి ఏడాది అతను రాడు. పాలేరును పెట్టి ఫోనులో సేద్యం చేయిస్తానంటే మాత్రం ఈ కలగలుపు పద్ధతి కుదరదు. అప్పుడు ఏడెకరాలకూ కంది, ఉలవ చల్లి ఊరుకోవడమే నయం.

గుంతల్లో ఎన్ని అడుగులకు గరుసు తగిలిందో, మేలో డ్రమ్ము ఎన్ని నిమిషాలకు నిండిందో, మీ ఊరి చెరువుకు హంద్రీ-నీవా నీళ్లు వస్తాయో రావో ఇక్కడే రాయండి. ఏ ఎకరంలో ఏది వేయాలో అప్పుడు ఇంకొంచెం ఖచ్చితంగా చెప్పగలను.